రత్నాలపట్నం కాకి

దగ్గరికి జరగండర్రా. చెవులు ఇటు, చేతులు పిక్కలు తీసే చింతపండు మీద. ఎవరి చేతులు ఆగితే వాళ్ళకి కథా ఆగిపోతుంది, ముందే చెబుతున్నా.

వెనకటికి ఒక రాజుండేవాడు. ఆయన పేరు బలకేతుడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దోడు జయకేతుడు, నడిపోడు మణికేతుడు, చిన్నోడు సుకేతుడు. ఇన్ని కేతుళ్ళు మీకూ గుర్తుండరు, నాకూ గుర్తుండరు. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అనుకుందాం.

ఏడు సముద్రాల అవతల రత్నాలపట్నమని ఒక ఊరుందనీ, దాన్ని ఎవరో మాంత్రికుడు పాడుచేశాడనీ పెద్దోడి చెవిన పడింది. అంతే, కత్తి కట్టుకుని వెళ్ళాడు. వెళ్ళినవాడు రాలేదు. అన్నను తీసుకొస్తానని నడిపోడు వెళ్ళాడు. వాడూ రాలేదు. ఏళ్ళు గడిచాయి. రాజు చూసి చూసి, ఇక లాభం లేదనుకున్నాడు. పురోహితుణ్ణి పిలిపించి, ఏటి ఒడ్డున కొడుకులిద్దరి పేరా పిండం పెట్టించాడు.

కాకి ముట్టాలి కదా మరి. ఒక కుంటికాకి వచ్చింది. అన్నం ముద్ద చుట్టూ ఒకసారి తిరిగింది, తల పక్కకి పెట్టి చూసింది, ముట్టలేదు. పోయినవాళ్ళకి ఏదో కోరిక మిగిలిపోయిందేమో అన్నాడు పురోహితుడు. రాజు చేతులు జోడించి మొక్కుకున్నాడు. "మీ పేర సత్రం కట్టిస్తాను నాయనా" అన్నాడు. కాకి ముట్టలేదు. "మీ గుర్రాలను ఎవరికీ ఇవ్వను" అన్నాడు. ముట్టలేదు. "మీ తమ్ముణ్ణి కళ్ళలో పెట్టుకు చూసుకుంటాను" అన్నాడు. కాకి ఆవులించినట్టు నోరు తెరిచి మూసింది తప్ప ముట్టలేదు.

అప్పుడు రాణి వసుమతీదేవి కొంగు నడుముకి దోపుకుని లేచింది. "ముట్టదండీ. ఎందుకు ముడుతుంది? నా బిడ్డలు బతికే ఉన్నారు" అంది.

"బతికుంటే రారా?" అన్నాడు రాజు. "సరే దేవీ. ఇంకో ఏడాది చూస్తాను. వచ్చే ఏడు ఇదే తిథికి వాళ్ళు రాకపోతే మళ్ళీ పెట్టిస్తాను. అప్పుడు మాత్రం నువ్వు అడ్డు చెప్పకూడదు."

మర్నాడే చిన్నోడు బయల్దేరాడు. తల్లి మూడు సున్నుండలు చుట్టి మూట కట్టింది. సామాన్యమైనవి కావు, ఒక్కోటి కమలాపండంత ఉంది. "ఒకటి నీది. రెండు అన్నలవి. ఆకలేస్తే నీది తిను, వాళ్ళవి ముట్టకు" అంది. అలాగేనన్నాడు చిన్నోడు. ఊరి పొలిమేర దాటేసరికి ఆ కుంటికాకి వాడి భుజం మీద వాలింది.

"మీ ఇంట్లో బుర్ర ఉన్నది మీ అమ్మకే. ఒక్కడివీ ఎక్కడికి పోతావు, నేనూ వస్తాను పద" అంది కాకి.

కాకి మాట్లాడితే చిన్నోడు అదిరిపడ్డాడు. ఇంకా ముందు చూడబోయేవి తెలిస్తే దీనికి అదిరిపడేవాడు కాదు పాపం.

ఏడు సముద్రాలూ ఒక్కొక్కటే చెప్పమంటే నేను చెప్పను. ఒక ముసలి తాబేలు దాటించింది. ఉప్పు సముద్రంలో నోరు పూసింది. చెరుకురసం సముద్రంలో చీమలు పట్టాయి. కల్లు సముద్రంలో తాబేలు దారి తప్పి మూడుసార్లు వెనక్కి తిరిగింది. నేతి సముద్రంలో చిన్నోడు దాని వీపు మీంచి జారిపోతుంటే కాకి జుట్టు పట్టుకుని లాగింది. పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం. ఏడో సముద్రం దాటేసరికి తన సున్నుండ చివరి పలుకు కూడా అయిపోయింది. అన్నలవి రెండూ మూటలో అలాగే ఉన్నాయి.

రత్నాలపట్నం కోటగోడ కనబడగానే కాకి ఎగిరి వెళ్ళి, ఊరి బయట చింతతోపులో వాలి, కాసేపటికి తిరిగొచ్చింది.

"ఈ ఊరి కాకులన్నీ తోపులోనే ఉంటున్నాయి అబ్బాయీ. లోపల ఒక్క కాకి లేదు. లోపలి మెతుకు ఏ కాకీ ముట్టదు, నువ్వూ ముట్టకు. ధూమకేశుడని మాంత్రికుడు. ఈ ఊరి రాజుగారి కూతుర్ని తనకిమ్మని అడిగాడు. రాజు కుదరదన్నాడు. కోపమొచ్చి ఊరి మీదికి పొగ వదిలాడు. ఆ పొగ ఇంకా నీళ్ళలో ఉంది, గింజలో ఉంది. వాడి ప్రాణం ఒక చిలకలో దాచాడని కాకులన్నిటికీ తెలుసు. ఆ చిలక ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలీదు."

చిన్నోడు కోటగుమ్మంలో అడుగుపెట్టాడు. పెట్టి, అక్కడే కొయ్యబారిపోయాడు. వాన కింద నుంచి పైకి కురుస్తోంది. నీడలు మనుషుల్ని వదిలేసి గోడల మీద వాటి మానాన అవి తిరుగుతున్నాయి. ఒక ఇంటి గడప దాటితే ఇంకెవరి ఇంటి వంటగదిలోనో తేలాడు. వెనక్కి వచ్చి అదే గడప మళ్ళీ దాటితే గొడ్లచావిట్లో తేలాడు. చెట్లు మేడల మీంచి తలకిందులుగా వేలాడుతున్నాయి. కూలిన గోడల మధ్య ఎక్కడా అలికిడి లేదు. "ఇదేం ఊరు" అన్నాడు చిన్నోడు.

అంతలో పైనుంచి ఒక తాడు జారింది. "తొందరగా ఎక్కు, కిందుంటే తినేస్తాయి" అని ఎవరో కేకేశారు. చిన్నోడు ఎక్కాడు. మిద్దె మీద తడికెలు కట్టుకుని, పలకలు వేసి ఒక మిద్దెకీ ఇంకో మిద్దెకీ దారి చేసుకుని, వందలమంది జనం. అందరి చేతుల్లో రాళ్ళు, బల్లేలు. వాళ్ళ నాయకుడు ముందుకొచ్చాడు. చూస్తే పెద్దోడు.

"తమ్ముడూ" అని పెద్దోడు వాటేసుకుని ఏడ్చాడు. చిన్నోడూ ఏడ్చాడు. "నడిపన్నేడీ?" అని అడిగాడు.

పెద్దోడి మొహం నల్లబడింది. "కింద సొరంగాల్లో దయ్యాలున్నాయిరా. మాంత్రికుడి పొగ వచ్చిన రోజున సగంమంది జనం మిద్దెలెక్కి బతికారు. తక్కినవాళ్ళని దయ్యాలు తినేశాయి. నన్ను వెతుక్కుంటూ వచ్చిన తమ్ముణ్ణీ తినేశాయి. వాడి చొక్కా వేసుకుని ఒక కోరల దయ్యం తిరుగుతోంది. అదే వాటి నాయకుడు. అదిగో, చూడు."

చిన్నోడు పిట్టగోడ మీంచి వంగి చూశాడు. కింద సొరంగం నోటి దగ్గర బల్లెం పట్టుకుని ఒకడు నిలబడి ఉన్నాడు. దయ్యమూ కాదు, కోరలూ లేవు. అది నడిపోడు. కాస్త చిక్కాడు, గడ్డం పెరిగింది, అంతే. వాడి వెనక ఉన్నవాళ్ళూ మనుషులే. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, చంకలో పిల్లలు.

చిన్నోడు పెద్దోడి చెయ్యి పట్టుకుని ఊపాడు. "అన్నయ్యా, వాడు నడిపన్నే కదా" అన్నాడు. పెద్దోడు జాలిగా చూశాడు. "పొగ తగిలింది నీకు. అన్నం తిను, తగ్గుతుంది" అన్నాడు.

ఒక అమ్మాయి ఆకులో అన్నం తెచ్చి పెట్టింది. ఆమె పేరు కువలయ. ఆ ఊరి రాజు కూతురు. చిన్నోడి కడుపు నకనకలాడిపోతోంది. వేడన్నం, మీద చారు. అయినా చెయ్యి పెట్టలేదు. "ఇంటికొచ్చినవాడు ఎంగిలిపడనంటాడేం?" అని మిద్దెవాళ్ళు గొణుక్కున్నారు. కువలయకి మాత్రం కోపం రాలేదు. "పోనీలెండి, సయించడం లేదేమో" అని పక్కన కూర్చుని తన సంగతి చెప్పింది.

"పొగ వచ్చిన రోజున మా నాన్నగారు నన్ను ముందు మిద్దె ఎక్కించారు. ఆయన ఎక్కేలోగా మెట్లు విరిగాయి. ఆ తర్వాత ఆయన్ని చూడలేదు. కొన్నాళ్ళపాటు ఒక ముసలి దయ్యం రోజూ ఆ మెట్ల దగ్గరికి వచ్చి, నా వంకే చూస్తూ ఊళలు పెట్టేది. మా నాన్నని తిన్నది చాలక నన్నూ రమ్మంటోందని ఒళ్ళు మండిపోయింది. ఒకరోజు కుండెడు వేడి గంజి దాని మీద కుమ్మరించాను. మళ్ళీ రాలేదు" అంది. అది చెప్పేటప్పుడు ఆమె కళ్ళు మెరిశాయి.

చిన్నోడు తాడు పట్టుకుని కిందికి దిగాడు. దయ్యాల దగ్గరికి పోతున్నాడని పైన గగ్గోలెత్తారు. వాడు వినలేదు. సొరంగంలో నడిపోడు వాడిని చూసి కావలించుకుని ఏడ్చాడు. ఏడ్చి ఏమన్నాడో తెలుసా? "అన్నయ్యని మిద్దె దయ్యాలు తినేశాయిరా తమ్ముడూ. వాడి తలపాగా పెట్టుకుని ఒక కోరల దయ్యం తిరుగుతోంది" అన్నాడు.

ఒక మూల ఒక ముసలాయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. భుజం నుంచి వీపు దాకా చర్మం ఊడి పుండైపోయింది. ఎవరాయన అంటే, ఈ ఊరి రాజుగారన్నారు. ఆయన మెల్లిగా తల తిప్పాడు. "నా బిడ్డను ఆ మెట్ల మీదనే వదిలాను నాయనా. ఎప్పటికైనా కనబడుతుందేమోనని రోజూ వెళ్ళేవాణ్ణి. అక్కడొక ఆడదయ్యం ఉండేది. నా కూతురి గాజులు వేసుకుంది. అదే పోసింది" అన్నాడు.

ఇదిగో, చేతులు ఆగిపోయాయి. సరే, ఈ ఒక్కసారికి పోనీ. చిన్నోడికీ ఆగిపోయాయి మరి. వాడు బయటికొచ్చి ఒక రాతి మీద కూలబడ్డాడు. ఏం చెప్పాలి, ఎవరికి చెప్పాలి?

"నువ్వెవరి మెతుకూ తినలేదు కాబట్టి నీకందరూ మనుషుల్లా కనిపిస్తున్నారు. నువ్వూ అందరికీ మనిషిలా కనిపిస్తున్నావు. పైవాళ్ళకి కిందవాళ్ళు, కిందవాళ్ళకి పైవాళ్ళు దయ్యాలు" అంది కాకి.

"చెబితే నమ్మరా?"

"చెప్పి చూడు."

చెప్పాడు. పెద్దోడు నవ్వాడు. "అది తమ్ముడే అయితే వాడి ముద్రుంగరం తీసుకురా" అన్నాడు. చిన్నోడు దిగి, నడిపోడిని బతిమాలి ఉంగరం తెచ్చి పెద్దోడి చేతిలో పెట్టాడు. పెద్దోడు చూసుకుని కెవ్వున అరిచి విసిరికొట్టాడు. వాడి కంటికి అది తెగిన వేలు. సొరంగం సొమ్ము కదా, పొగ దాన్నీ వదల్లేదు.

సరే, కళ్ళు మోసపోతే చెవులున్నాయి కదా అనుకున్నాడు చిన్నోడు. చిన్నప్పుడు అమ్మ ముగ్గురినీ కలిపి నిద్రపుచ్చే జోలపాట పాడమని నడిపోడిని మిద్దె కిందికి తీసుకొచ్చాడు. ఒక్కడికైనా వినిపించాలి కదా. నడిపోడు గొంతెత్తి పాడాడు. ఎంత బాగా పాడాడనీ. పైన వాళ్ళకి వినబడింది మాత్రం నక్క ఊళ. మీది నుంచి రాళ్ళు కురిశాయి. ఒక రాయి నడిపోడి నుదుటి మీద తగిలి నెత్తురు కారింది. ఆ రాయి వేసింది పెద్దోడే.

ఇక రెండు వైపులా ఓపిక చచ్చింది. మర్నాడు పొద్దున్నే మరిగే నూనె సొరంగం నోట్లో పోద్దామని పెద్దోడు కాగులెక్కించాడు. మర్నాడు పొద్దున్నే మిద్దెల కింద స్తంభాలన్నీ నరికి పడగొడదామని నడిపోడు గొడ్డళ్ళు పంచాడు. ఎవరి సంగతి ఎవరికీ తెలీదు. రెండూ తెలిసినవాడు ఒక్క చిన్నోడే. వాడు మిద్దె మీద ఒక మూల కూలబడ్డాడు. మూటలోంచి సున్నుండల కమ్మటి వాసన వస్తోంది. తినబుద్ధి కాలేదు.

అప్పుడు కువలయ వచ్చింది. చేతిలో ఆకు, ఆకులో అన్నం ముద్ద. "మా నాన్నగారికి" అంది. మిద్దె చివర పిట్టగోడ మీద పెట్టి దణ్ణం పెట్టుకుని, వెనక్కి తిరక్కుండా వచ్చేసింది. ఆ ఊరి ఆచారం అది. పోయినవాళ్ళకి ముద్ద పెడితే వెనక్కి చూడకూడదు. చూస్తే కాకి బెదిరిపోతుందని. మిద్దెల మీద ప్రతి ఇంటివాళ్ళూ అలాగే పెడుతున్నారు. కింద సొరంగంవాళ్ళూ అలాగే పెడుతుండగా వాడు చూశాడు.

"కాకి ముడుతుందా?" అని అడిగాడు ఊరికే.

"వెంటనే ముడుతుంది. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా బెట్టు చెయ్యలేదు. ఆ మాత్రమైనా మనసుకి హాయి" అంది కువలయ.

చిన్నోడి ఒళ్ళు జల్లుమంది. ఈ ఊళ్ళో ఒక్క కాకి లేదు కదా. మరి ముడుతున్నదేమిటి?

వాడు పరదేశి, వాడికేం పట్టింపు, వెనక్కి తిరిగి చూశాడు. ఒక నల్లటి పిట్ట వాలి ఉంది. కాకంతే ఉంది. కానీ ముద్దను కాలితో పట్టుకుని, కాలు పైకెత్తి, నోటి దగ్గర పెట్టుకుని కొరుక్కు తింటోంది.

"ఏ కాకీ అలా తినదు. మేం కాలికింద తొక్కిపెట్టి పొడుచుకు తింటాం. కాలితో ఎత్తుకు తినేది చిలక ఒక్కటే" అంది కుంటికాకి. "ఒంటినిండా మసి పూసుకుంది. ఎంత బలిసిందో చూశావా? బతికున్నవాళ్ళకి పోయారని పెట్టిన ముద్ద అది. ఏ కాకీ ముట్టనిది అది తిని బతుకుతోంది. దాన్ని మేపుతున్నది ఊరు ఊరంతా."

చిన్నోడు కువలయ చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్కసారి వెనక్కి చూడు" అన్నాడు. ఆమె చూడనంది. పాపమంది. వాడు బతిమాలాడు. చివరికి చూసింది. "కాకి అలా తినదు కదా" అంది మెల్లిగా. ఆ పైన, "మరి మా నాన్నగారు?" అంది.

గంజి సంగతి చిన్నోడు ఎలా చెబుతాడు? "రేపు తెలుస్తుంది" అని మాత్రం అన్నాడు.

"ఆ చిలక ఏం తింటే చస్తుంది?" అని కాకిని అడిగాడు.

"బతికున్నవాడి కోసమని చేసింది తింటే దాని గొంతు దిగదేమో. ఎవరూ పెట్టి చూడలేదు" అంది కాకి.

చిన్నోడు మూట విప్పి రెండు సున్నుండలు తీశాడు. కువలయ వాటి చుట్టూ అన్నం అద్ది, పిండాల్లా చేసి ఇచ్చింది. తెల్లవారగానే చిన్నోడు పెద్దోడి దగ్గరికి వెళ్ళాడు. "యుద్ధానికి ముందు నడిపన్న పేర నా చేత్తో ఒక ముద్ద పెట్టనీ. తమ్ముణ్ణి, నాకా హక్కుంది" అన్నాడు. ఆ మాటకి పెద్దోడు కాదనలేకపోయాడు. కువలయ కూడా పెట్టనివ్వమంది. కిందికి దిగి నడిపోడితోనూ అదే అన్నాడు, "పెద్దన్న పేర ముద్ద పెట్టనీ" అని. నడిపోడూ సరేనన్నాడు.

కూడలి మధ్యలో ఒక రాతి దిమ్మె ఉంది. ఒక వైపు మిద్దెల మీద కాగుతున్న నూనె, రాళ్ళు. ఒక వైపు సొరంగం నోటి దగ్గర గొడ్డళ్ళు. మధ్యలో చిన్నోడు రెండు ముద్దలు పెట్టాడు. "ఇది మా పెద్దన్న జయకేతుడికి. ఇది మా నడిపన్న మణికేతుడికి" అన్నాడు. పోయినవాళ్ళకని మాత్రం అనలేదు.

"ఈరోజు ఎవరూ వెనక్కి తిరగకండి. అందరూ ఇటే చూడండి. పాపమొస్తే నాకు రానివ్వండి" అంది కువలయ మిద్దె మీంచి. కింద ఆ మాట నక్క ఊళలా వినబడింది. అయినా చిన్నోడు వాళ్ళకీ అదే చెప్పాడు. అందరూ చూశారు.

కోటగోడ మీద తోపులోని కాకులన్నీ వచ్చి బారులు తీరి కూర్చున్నాయి. ఒక్కటీ కిందికి దిగలేదు. అప్పుడు ఆ నల్లపిట్ట వచ్చింది. దిమ్మె మీద వాలి, మొదటి ముద్దను కాలితో ఎత్తింది. జనంలో చిన్న కలకలం. పిట్ట తినేసింది. రెండో ముద్ద ఎత్తింది. సగం తిని ఆగింది.

దాని గొంతులో ఏదో అడ్డుపడింది. రెక్కలు టపటప కొట్టుకుంది. కొట్టుకుంటుంటే మసి రాలింది. కింద పచ్చటి ఈకలు, ఎర్రటి ముక్కు. బురుజు మీంచి ధూమకేశుడు పొగలా దిగొచ్చాడు, దిమ్మె దగ్గర మోకాళ్ళ మీద పడ్డాడు. మసి జుట్టు, మసి గడ్డం. చిన్నోడి వంక చూసి నవ్వబోయాడు.

"నేను ఈ ఊళ్ళో ఒక్కణ్ణి కూడా చంపలేదురా. పొగ ఒక్కటే వదిలాను. చంపిందంతా వీళ్ళే" అన్నాడు. చిలక తల వాల్చేసింది. వాడు బూడిదకుప్పై దిమ్మె పక్కన రాలిపోయాడు.

పొగ విడిపోయింది. వాన మామూలుగా పైనుంచి కిందికి పడింది. కాగుల కింద మంటలు ఆరిపోయాయి.

అప్పుడు చూశారర్రా ఒకరినొకరు. పెద్దోడి చేతిలో బల్లెం, ఎదురుగా నడిపోడు, నుదుటి మీద ఎండిన నెత్తురు. "ఆ రాయి" అన్నాడు పెద్దోడు. చేతిలో బల్లెం కింద పడింది. ఒక తల్లి అవతలివైపు తన కూతుర్ని చూసింది. నిన్నటిదాకా ఆ పిల్ల మీదకే రాళ్ళు వేసింది. ఎవరూ కేకలు పెట్టలేదు. ఎవరూ పరుగెత్తుకెళ్ళి వాటేసుకోలేదు కూడా. అడుగు వెయ్యడానికే భయపడ్డారు. ఇన్నేళ్ళుగా మనం ఎవరి మీద రాళ్ళేశాం, ఎవరిని చంపాం అని ఒక్కొక్కళ్ళకీ లోపల తెలుస్తోంది.

కువలయ మిద్దె దిగి వచ్చింది. సొరంగంలోంచి ముసలి రాజు గోడ పట్టుకుని నడిచొచ్చాడు. ఆమె నాన్నా అని రెండడుగులు వేసి ఆగిపోయింది. ఆయన భుజం చూసింది. ఆ మెట్లు చూసింది. తన గాజుల చేతులు చూసుకుంది. అక్కడే మట్టిలో కూలబడిపోయింది.

రాజే ఆమె దగ్గరికి వెళ్ళాడు. వంగి తల నిమిరాడు. "గాజులు నీవేనని అనుకుంటూనే ఉన్నానమ్మా" అన్నాడు. అప్పుడు ఊరంతా ఒక్కసారిగా ఏడ్చింది.

ఏడుపు తగ్గాక ఇంకో పని మిగిలింది. ఆ పోరులో నిజంగా పోయినవాళ్ళు లేరూ మరి? ఉన్నారు. వాళ్ళ పేర్లు చెప్పుకుంటూ, పైవాళ్ళూ కిందవాళ్ళూ కలిసి ఒకే కుండలో వండి, కూడలిలో ముద్దలు పెట్టారు. కోటగోడ మీది కాకులు ఒక్కొక్కటే దిగి, ప్రతి ముద్దా ముట్టాయి. ఒక్కటీ వదల్లేదు. అంతకుముందు ముద్ద ముడితే మనసుకి హాయి అనుకునేవాళ్ళు. ఆ రోజు ముట్టినందుకు గుండెలు పగిలాయి.

చిన్నోడికి కువలయ నచ్చింది, కువలయకి చిన్నోడు నచ్చాడు. అది మీకూ ఎప్పుడో తెలిసిపోయింది, ముసిముసి నవ్వులొద్దు. కానీ ఆమె, నాన్న భుజం మానేదాకా పెళ్ళి మాట ఎత్తొద్దంది. రోజూ తనే వెన్న రాసింది, పసరు కట్టింది. మానింది. మచ్చ మాత్రం పోలేదు. అప్పుడు కూలిన మేడలు మళ్ళీ కట్టుకున్న ఊళ్ళో, కూడలి దిమ్మె దగ్గర పందిరి వేసి పెళ్ళి చేశారు. ఆ పెళ్ళిలో మిద్దెవాళ్ళకి సొరంగంవాళ్ళు వడ్డించారు, సొరంగంవాళ్ళకి మిద్దెవాళ్ళు వడ్డించారు.

అది అయ్యేసరికి ఏడాది కావొచ్చింది. ముగ్గురన్నదమ్ములూ కొత్తకోడల్ని తీసుకుని తాబేలెక్కి ఇంటికొచ్చారు. కల్లు సముద్రం దగ్గర మళ్ళీ దారి తప్పారు, అందుకే ఆలస్యం. వాళ్ళు ఏటి ఒడ్డుకి చేరేసరికి అదే తిథి. రాజు దర్భలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ముందర రెండు పిండాలు. రాణి ఆయన పక్కన నిలబడి, కాకి కోసం కాక, దారి వంక చూస్తోంది.

కుంటికాకి ముందు ఎగిరొచ్చి పిండాల పక్కన వాలింది. కాకి ముక్కుతో ముద్దను ఏట్లోకి తోసేసింది. రెండోదీ తోసేసింది. రాజు తల ఎత్తాడు. ఎదురుగా ముగ్గురూ.

రాజు లేవబోయి లేవలేకపోయాడు. రాణి మాత్రం నింపాదిగా వెళ్ళి పెద్దోడి మొహం తడిమింది, నడిపోడి నుదుటి మీద మచ్చ తడిమింది, కోడలి బుగ్గలు పుణికింది. ఆఖరున చిన్నోడి వైపు తిరిగింది.

"అన్నలకి సున్నుండలు ఇచ్చావా?" అంది.

చిన్నోడు తల వంచుకున్నాడు. "ఇవ్వలేదమ్మా. చిలక తినేసింది" అన్నాడు.

"మూట మోసినవాడివి, నువ్వు మాత్రం ముట్టుకోలేదు కదా?"

"లేదమ్మా."

తల్లి ఇన్నేళ్ళూ ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే ఇంట్లోకి వెళ్ళి మినుములు వేయించడానికి పొయ్యి ముట్టించింది. ఆ రోజు కొడుకులకీ, కోడలికీ, కుంటికాకికీ కడుపునిండా పెట్టింది. పెద్దోడు ఆ రాజ్యం, నడిపోడు పక్క రాజ్యం, చిన్నోడూ కువలయా రత్నాలపట్నం చల్లగా ఏలుకున్నారు. రత్నాలపట్నంలో ఇప్పటికీ ఎవరికైనా ముద్ద పెడితే, వెనక్కి తిరిగి చూస్తారట.

కథ ఇల్లు చేరింది. పిక్కలు ఆ చేటలో పొయ్యండి, పండు జాడీకెత్తాలి.